ఒకే రోజు వేసిన స్కాంపి సీడ్‌లో మగవి ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా ఎందుకు? జత కట్టేది పెద్దవేనా?

మీ ప్రశ్నలో మూడు సంగతులు ఉన్నాయి. ఒకే హేచరీ నుంచి ఒకే రోజు తెచ్చి వదిలిన నీలకంఠ రొయ్య (స్కాంపి) సీడ్‌లో, అంటే రొయ్య పిల్లల్లో, ఆరో నెలకి ఆడవి దాదాపు ఒకే సైజుకి వచ్చాయి. మగవి మాత్రం మూరెడు కాళ్లతో కొన్ని, వేలెడు సైజులో కొన్ని ఉన్నాయి. ఇది సీడ్ కల్తీ వల్లా అన్నది మొదటిది. చిన్న మగవాటికి ఇంకా వయసు రాలేదని పక్క చెరువు ఆయన అంటున్నారు, మరి అవే ఆడ రొయ్యల చుట్టూ ఎందుకు తిరుగుతున్నాయి అన్నది రెండోది. తల్లి రొయ్యల ట్యాంకులోకి ఏ మగవాటిని తీసుకోవాలన్నది మూడోది.

ముందు జవాబు చెప్పేస్తాను. ఈ సైజు తేడా చూసి సీడ్ కల్తీ అని చెప్పలేం. ఆ చిన్నవి పిల్లలు కావు, జత కట్టగల మగ రొయ్యలే. ఆడవాటి కోసం మగవాటి మధ్య జరిగే పోటీయే మీ చెరువులో మగవాటిని మూడు రకాలుగా విడగొట్టింది. తల్లిదండ్రులు ఒకటే అయినా, మేత ఒకటే అయినా ఇలాగే జరుగుతుంది. హేచరీ వాళ్లని నేను ఊరికే వెనకేసుకొచ్చే రకం కాదు, సీడ్‌లో కల్తీ లేదని వాళ్లు అంటే, ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ మాట నమ్మొచ్చు.

ఇది అర్థం కావాలంటే మగవాటి కన్నా ముందు ఆడ రొయ్య సంగతి చూడాలి. చాలామంది దీన్ని దాటేసి నేరుగా కొట్లాటల దగ్గరికి వెళ్లిపోతారు.

నీలకంఠ ఆడ రొయ్య ఎప్పుడు పడితే అప్పుడు జత కట్టదు. తల పెంకు లోపల నారింజ రంగు అండాశయం నిండి బయటికి కనబడుతున్న దశలో అది పెంకు విడుస్తుంది. ఆ మోల్టింగ్ అయ్యాక, ఒళ్లు ఇంకా మెత్తగా ఉన్న కొద్ది గంటల్లోనే జత కట్టడం జరగాలి. మగది మాత్రం గట్టి పెంకుతో ఉండాలి. అది ఆడదాని ఛాతీ అడుగున, నడిచే కాళ్ల మధ్య జెల్లీ లాంటి వీర్యపు ముద్దను అంటిస్తుంది. తర్వాత కొన్ని గంటల్లో ఆడది గుడ్లు విడుస్తుంది. అవి ఆ ముద్ద మీదుగా వెనక్కి జారుతూ ఫలదీకరణ చెంది, పొట్ట కింద ఈత కాళ్లకు అంటుకుంటాయి. సుమారు మూడు వారాలు వాటిని అక్కడే మోస్తుంది. నారింజ రంగు గుడ్లు బూడిద రంగుకి తిరిగాయంటే పొదిగే రోజు దగ్గర పడినట్టు.

ఇందులో పట్టుకోవాల్సింది ఏమిటంటే, అవకాశం ఉండేది కొద్ది గంటలే. పైగా టైగర్ రొయ్యలో ఆడదానికి వీర్యాన్ని దాచుకునే చోటు ఒంట్లోనే ఉంటుంది, నీలకంఠకి అది లేదు. ప్రతి విడత గుడ్లకీ కొత్తగా జత కట్టాల్సిందే. పొట్ట కింద గుడ్లు ఉండగానే లోపల అండాశయం మళ్లీ నిండడం కూడా మీరు చూసే ఉంటారు. అంటే ఒక ఆడ రొయ్య అలా అండాశయం నిండి మెత్తబడ్డ ప్రతిసారీ మగవాటి పోటీ మళ్లీ మొదటికి వస్తుంది.

మరో సంగతి. ఆడవన్నీ ఒకే రాత్రి మోల్ట్ కావు. ఇవాళ ఒకటి, ఎల్లుండి రెండు అన్నట్టు విడివిడిగా అవుతాయి. అందుకే ఒక బలమైన మగది ఒకదాని తర్వాత ఒకదాన్ని కాపలా కాస్తూ చాలావాటిని దక్కించుకోగలుగుతుంది. అన్నీ ఒక్కసారే మెత్తబడే జీవి అయితే ఇంత పెద్ద కాళ్లు పెంచుకుని మగవాటికి ఒరిగేదేమీ ఉండదు, ఎందుకంటే కాపలా కాసేది ఒకదాన్నో రెంటినో, మిగతావన్నీ చేజారిపోతాయి.

ఇక మగవి. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రానన్, సాగి 1985లోనే ఈ మూడు రకాల మగవాటి జత కట్టే తీరుల గురించి రాశారు. మన రైతులు చాలామంది రంగు చూసి రకం చెప్పేస్తారు గానీ, ఏది ఏం చేస్తుందో గమనించేవాళ్లు తక్కువ.

బ్లూ క్లా. ముదురు నీలి రంగు, ముళ్లు, ఒంటి కన్నా పొడవైన పెద్ద కాళ్లు. చెరువు అడుగున తనకంటూ ఒక చోటు పెట్టుకుంటుంది. మోల్టింగ్‌కి దగ్గరపడిన ఆడదాన్ని తన ఒంటి కిందికి, పెద్ద కాళ్ల మధ్యకి తెచ్చుకుని మిగతా మగవాటిని తరిమేస్తుంది. జత కట్టాక కూడా ఆడదాని పెంకు గట్టిపడేదాకా పక్కనే ఉంటుంది. ఇది ఆడదానికీ అవసరమే. మెత్తబడ్డ రొయ్యని పక్క రొయ్యలు పీక్కు తినేస్తాయని మీకు నేను చెప్పక్కర్లేదు. అయితే ఈ కాపలా, ఈ కొట్లాట ఊరికే రావు. బ్లూ క్లా అయ్యాక పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. ముదురు బ్లూ క్లా పెంకు మీద నాచు పట్టి ఉండటానికి కారణం కూడా అదే, అది పెంకు మార్చి చాలాకాలం అయి ఉంటుంది.

ఆరెంజ్ క్లా. నారింజ లేదా బంగారు రంగు కాళ్లు, బ్లూ క్లా కాళ్ల కన్నా పొట్టివి. తినడం, పెరగడం దీని పని. చెరువులో మీకు డబ్బు తెచ్చే పెరుగుదల అంతా ఈ దశలోనే జరుగుతుంది. ఆడవాటి జోలికి పెద్దగా పోదు. ఒంటి సైజులో సమానంగా ఉన్నా బ్లూ క్లా ఎదురుపడితే పక్కకి తప్పుకుంటుంది. రొయ్యల లెక్కలో పెద్దరికం కాళ్లదే.

చిన్న మగ. సన్నటి, గాజులా పారదర్శకమైన కాళ్లు. కాపలా కాయదు, కొట్లాడదు. బ్లూ క్లా వేరే మగదానితో తగువులో ఉన్నప్పుడో, ఆడదాన్ని తిప్పుకునే పనిలో ఉన్నప్పుడో సందు చూసుకుని కిందనుంచి దూరి, తన వీర్యపు ముద్ద అంటించి జారుకుంటుంది. హేచరీ సిమెంటు ట్యాంకులో రాత్రిపూట టార్చ్ పట్టుకుని చూస్తే ఈ దూరడం ఎంత వేగంగా జరుగుతుందో తెలుస్తుంది. చిన్నగా, చురుగ్గా ఉండటమే దానికి రక్షణ. కాబట్టి పక్క చెరువు ఆయన చెప్పిన "వయసు రాలేదు" అన్న మాట సరికాదు. అవి ఆడవాటి చుట్టూ తిరిగేది ఈ పని మీదే.

ఆడ, మగ కలిసి బాగా ఎదిగిన చెరువులో మగవాటిని ఏరి లెక్కపెడితే సుమారు సగం చిన్నవి, 40 శాతం ఆరెంజ్ క్లా, 10 శాతం బ్లూ క్లా ఉంటాయని ఒక మోటు లెక్క. మీ వలలో పడినవి దీనికి దగ్గరగా ఉంటే మీ చెరువు మామూలు చెరువే.

ఇప్పుడు అసలు ఆసక్తికరమైన భాగానికి వద్దాం. ఈ మూడూ వేర్వేరు జాతులు కావు, పుట్టుకతో వచ్చిన ముద్రలూ కావు. ఒకే దారిలో మూడు మెట్లు. చిన్న మగది ఆరెంజ్ క్లా కావచ్చు, ఆరెంజ్ క్లా బ్లూ క్లా అవుతుంది. వెనక్కి మాత్రం రాదు. ఎప్పుడు పైమెట్టు ఎక్కాలన్నది చుట్టూ ఉన్న మగవాటిని బట్టి తేలుతుంది. ఒక ఆరెంజ్ క్లా తన పరిసరాల్లో ఉన్న అతి పెద్ద బ్లూ క్లా కన్నా పెద్దదయ్యేదాకా పెరుగుతూనే ఉంటుంది, దాన్ని దాటాకే కాళ్లు నీలంగా మార్చుకుంటుంది. ఇప్పుడు ఇదే కొత్త పెద్ద. దీని వెనక ఉన్న ఆరెంజ్ క్లా దీన్ని కూడా దాటేదాకా ఆగి, మరింత పెద్ద సైజులో నీలమవుతుంది. అందుకే వరస పట్టుబడుల్లో కొత్తగా నీలమైనవి పాతవాటి కన్నా పెద్దవిగా కనబడతాయి. తొందరపడి ముందే నీలమైతే పెరుగుదల ఆగిపోయి, రేపు వేరేదాని ముందు తలొంచాల్సి వస్తుంది. ఆలోచించి చేస్తుందని కాదు, అలా ఆగగలిగిన రొయ్యల సంతానమే ఎక్కువ మిగిలింది.

మరి చిన్న మగది ఎందుకు పెరగదు? మేత అందక అని అందరూ అనుకుంటారు. చెక్ ట్రేలో, అంటే ఎంత తిన్నాయో చూసే పళ్లెంలో, మేత మిగిలి ఉన్నా అవి పెరగవు, అక్కడే ఆ మాట తేలిపోతుంది. ఇజ్రాయెల్‌లో శాస్త్రవేత్త కార్ప్లస్ బృందం దీనిమీద వరసగా ప్రయోగాలు చేసింది. పెద్ద మగది దగ్గరగా, తగిలేంత చేరువలో ఉంటే చిన్నదాని పెరుగుదల తగ్గుతుందనీ, తిన్న మేత ఒంటికి పట్టడం తగ్గిపోవడమే అందుకు ముఖ్యమైన కారణమనీ వాళ్లు చూపించారు. మన భాషలో చెప్పాలంటే నిత్యం టెన్షన్‌లో బతికే రొయ్య అది. పెద్దదాన్ని తీసేయండి, అదే చిన్నది పెరగడం మొదలుపెడుతుంది.

తేడా మొదలయ్యేది కూడా మీరు అనుకున్నదాని కన్నా చాలా ముందు. సీడ్ దశకి వచ్చిన 60 రోజుల్లోనే కొన్ని దూకుడు పిల్లలు మిగతావాటి మామూలు సైజు కన్నా 15 రెట్ల దాకా పెరిగిపోయిన సందర్భాలు ఉన్నాయి. అలా ముందుకెళ్లినవి ఉంటేనే వెనకబడేవి ఏర్పడతాయి. ఆ వెనకబడిన మగవే తర్వాత చాలావరకు మీ వేలెడు రొయ్యలు.

ఇదంతా నీలకంఠ ఒక్కదాని వింత అనుకోకండి. పెంకు విడిచి పెరిగే ఈ జీవుల్లో చాలావాటిలో, చిన్నాచితకా వాటిలో కూడా, ఇదే లెక్క వేరు వేరు రూపాల్లో కనబడుతుంది. హేచరీ వాళ్లం రోజూ ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి గుడ్లు పొదిగించి, ఆ పిల్లల్ని రొయ్య లార్వాలకి మేతగా వేస్తాం, వాటిని పెద్దయ్యేదాకా ఉంచం. ఒక డబ్బాలో కొన్ని ఉంచి చూడండి. మగదానికి తల దగ్గర కొక్కేల్లాంటి పెద్ద స్పర్శకాలు వస్తాయి. వాటితో ఆడదాన్ని వెనకనుంచి పట్టుకుని, జంటగానే రోజుల తరబడి ఈదుతూ ఉంటుంది. మిగతా మగవి దగ్గరికి రాకుండా ఉండాలంటే దానికి అదే మార్గం. అయితే ఆర్టీమియాలో మగవే లేని రకాలు కూడా ఉన్నాయి, అలాంటి సరుకు అయితే మీకు జంటలు కనబడవు.

ఐరోపా వాగుల్లో ఉండే గామరస్ అనే వంకర రొయ్య పురుగులో మగది ఇంకా ముందుకెళ్తుంది. ఆడది పెంకు విడవడానికి చాలా రోజుల ముందే దాన్ని పొట్ట కింద పట్టుకుని మోసుకు తిరుగుతుంది, బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసినట్టు. ఆడదాన్ని అంతకాలం మోస్తే మగదానికి ఈత కష్టం, తిండీ తగ్గుతుంది. అయినా ఎందుకంటే, ఆఖరి నిమిషానికి వస్తే ఖాళీగా ఉన్న ఆడది దొరకదు. మగవి ఎక్కువైన కొద్దీ కాపలా ఇంకా ముందుగా మొదలవుతుంది. మగవాడు సమయాన్ని ఎక్కడ ఖర్చు పెడితే ఎక్కువ సంతానం అన్న లెక్కని శాస్త్రవేత్త జెఫ్రీ పార్కర్ 1974లో సూత్రంగా పెట్టాడు. మా చెరువుల్లో బ్లూ క్లాని చూసినప్పుడల్లా నాకు ఆ లెక్కే గుర్తొస్తుంది.

మూడు రకాల మగవి ఉన్న ఇంకో జీవి కాలిఫోర్నియా సింధుశాఖలో ఉంది. పారాసెర్సీస్ అనే ఐసోపాడ్, గోరంత ప్రాణి. స్పాంజిల లోపలి బోలు దానికి ఇల్లు. పెద్ద మగది ఆ ద్వారం దగ్గర కాపలా ఉండి లోపల ఆడవాటి గుంపుని పెట్టుకుంటుంది. మధ్య సైజు మగది ఆడదానిలాగే కనబడుతూ, ఆడదానిలాగే ప్రవర్తిస్తూ దర్జాగా లోపలికి వెళ్లిపోతుంది. మూడోది మరీ చిన్నది, సందులోంచి దూరుతుంది. శాస్త్రవేత్తలు షుస్టర్, వేడ్ 1991లో లెక్కగట్టి చూస్తే ఈ మూడింటికీ సగటున సంతానం దాదాపు సమానంగానే వచ్చింది. నీలకంఠతో తేడా ఎక్కడంటే, ఐసోపాడ్‌లో ఆ రకం పుట్టుకతోనే జన్యువుల్లో రాసి ఉంటుంది, చిన్న మగది చచ్చేదాకా చిన్న మగదే. నీలకంఠలో అది పరిస్థితిని బట్టి మారుతుంది. రైతుకి ఉపయోగపడే తేడా ఇదే. ఐసోపాడ్‌ని మనం మార్చలేం, చెరువులో పరిస్థితిని మార్చగలం.

"మరి వనామీ రొయ్యల చెరువులో ఇలా ఎందుకు లేదు, అన్నీ ఒకే కౌంట్‌కి, అంటే ఒకే సైజుకి వస్తాయి కదా" అని కింద ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. వనామీ మగదానికి పట్టి ఉంచే పెద్ద కాళ్లు లేవు, కాపలా కాయాల్సిన చోటూ లేదు. పైగా అక్కడ ఆడది గట్టి పెంకుతో ఉన్నప్పుడే జత కడుతుంది. మగది ఆడదాని వెనకే ఈదుతూ తరుముతుంది, అందుకున్నది గెలుస్తుంది. ఈతలో చురుకుదనమే అక్కడ పనికొచ్చేది, భారీ ఒళ్లు కాదు. అందుకే అక్కడ ఆడవే కాస్త పెద్దవి.

ఇక మీ చెరువు దగ్గరికి వద్దాం.

ఒకేసారి పట్టేసే బదులు ఏరి పట్టండి. అయిదు, ఆరు నెలల నుంచి నెలకోసారి లాగుడు వల వేసి బ్లూ క్లానీ, పెద్ద ఆడవాటినీ తీసేయండి. నాచు పట్టిన బ్లూ క్లా కనబడితే ఒక్కటి కూడా చెరువులో మిగల్చకండి, అది ఇక పెరగదు, పక్కవాటిని పెరగనివ్వదు. ఆరెంజ్ క్లాని వదిలేయండి. కాళ్లు పొడవుగా ఉన్నాయని వాటినీ పట్టేసేవాళ్లు ఉన్నారు, పెరిగే సరుకుని పెరగకముందే అమ్ముకోవడం అది. పెద్దవి వెళ్లాక చిన్నవాటిలో చాలా భాగం ఆరెంజ్ క్లాగా మారి పుంజుకుంటాయి. అన్నీ కాదు. మరీ ఆలస్యమైన చెరువులో, నీళ్లు చల్లబడే కాలానికి ముందు, వాటిమీద ఆశపెట్టుకుని మేత ఖర్చు పెంచడం నాకు నచ్చదు.

నర్సరీ నుంచి మార్చేటప్పుడు గ్రేడింగ్ చేయండి. దూకుడు పిల్లల్ని వేరే చెరువులోకి, మిగతావాటిని వేరే చెరువులోకి వేస్తే వెనకబడినవాటి మీద ఒత్తిడి తగ్గుతుంది. ఒకటే చెరువు ఉన్నవాళ్లకి ఇది కుదరదు, నిజమే.

సీడ్ మరీ ఒత్తుగా వేస్తే చిన్న మగవాటి వాటా పెరుగుతుంది. తాటాకులు, కొబ్బరి మట్టలు, పాత వలముక్కలు నిలబెడితే ఒకదానికొకటి తగలడం తగ్గుతుంది, మెత్తబడిన రొయ్యలకి దాక్కునే చోటు దొరుకుతుంది. పెద్ద కాళ్లు విరిచేసే పద్ధతి గురించి కూడా కొందరు చెబుతారు. గాయాలు కొంతకాలం తగ్గుతాయి గానీ మోల్ట్ అయ్యేకొద్దీ కాళ్లు మళ్లీ వస్తాయి, కూలీ ఖర్చు మళ్లీ మొదలు. నేనైతే చెప్పను.

ఆడవే లేకుండా చేస్తే పోటీ పోతుందా అనే ఆలోచన కూడా పాతదే. మగ లక్షణాలు తెచ్చే ఆండ్రోజెనిక్ గ్రంథి పనిని చిన్న వయసులో ఆపేస్తే మగ రొయ్య ఆడదిగా మారి గుడ్లు పెడుతుంది. దాన్ని మామూలు మగదానితో జత కట్టిస్తే పుట్టేవన్నీ మగవే. ఇజ్రాయెల్‌లో సాగి బృందం అభివృద్ధి చేసిన ఈ పద్ధతితోనే మన విజయవాడ దగ్గర రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ ఆక్వాకల్చర్ అన్నీ మగవే ఉన్న స్కాంపి సీడ్ మీద పనిచేసింది. ఆ సీడ్‌తో లాభం ఉంది, గుడ్ల మీదికి పోయే శక్తి మిగులుతుంది, సగటు సైజు పెరుగుతుంది. కానీ ఆడవి లేనంత మాత్రాన మగవి పెద్దరికం మానవు. అక్కడా నీలం, నారింజ, చిన్న అనే మెట్లు ఏర్పడతాయి, ఏరి పట్టడం అక్కడ ఇంకా ముఖ్యం.

చివరిగా తల్లి రొయ్యల ట్యాంకు. ఇరవై ఆడవాటికి ఒకటి రెండు బ్లూ క్లా చాలు, లేదా రెండు మూడు పెద్ద ఆరెంజ్ క్లా. బ్లూ క్లాని ఎంచేటప్పుడు కొత్తగా నీలమైనవి చూసుకోండి, పెంకు శుభ్రంగా, రెండు పెద్ద కాళ్లూ సరిగ్గా ఉండాలి. ఒక కాలు పోయినది ఆడదాన్ని సరిగ్గా కాపాడలేదు, మెత్తబడ్డ రాత్రే ఆడ రొయ్యల్ని నష్టపోతారు. ఆ ట్యాంకులో చిన్న మగవాటిని ఉంచకండి. అవి పనికిరానివని కాదు, దూరి పని కానిచ్చేస్తాయి కాబట్టి ఏ తండ్రి సంతానమో మీకు తెలియకుండా పోతుంది.

ఇంకో మాట, చెరువులో ఒక మగది పెద్దగా పెరిగింది కదా అని దాని రక్తం గొప్పదని నిర్ధారించకండి. దాని సైజులో చాలా వాటా పక్కన ఎవరున్నారన్న దాన్ని బట్టి వచ్చినది. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపలు, రొయ్యల పెంపక పరిశోధన సంస్థ సీఫా గుజరాత్, కేరళ, ఒడిశా రొయ్యల్ని కలిపి మేలు రకం తయారు చేసినప్పుడు ఒక్కో రొయ్యని చూసి కాక కుటుంబాల వారీగా పోల్చి ఎంచింది. మనలాంటివాళ్లకి అంత ఏర్పాటు ఉండదు కాబట్టి ఆడవాటి దగ్గరే జాగ్రత్త పడాలి. వాటిలో సైజు మీద ఈ పెద్దరికం ప్రభావం తక్కువ. తొందరగా గుడ్లు పెట్టేసిన చిన్న ఆడవాటిని చేతికి దొరికాయి కదా అని తల్లులుగా తీసుకుంటే, ఏళ్లు గడిచేకొద్దీ త్వరగా గుడ్లకొచ్చి పెరగడం ఆపేసే సరుకే తయారవుతుంది.

మీ చెరువు ఎన్ని ఎకరాలో, ఎకరాకి ఎంత సీడ్ వేశారో, ఇప్పటికి ఎన్నిసార్లు వల లాగారో కింద రాయండి. మగవాటిని మూడు కుప్పలుగా పోసి తీసిన ఫోటో ఒకటి పెడితే, ఏ కుప్పని అమ్మాలో దేన్ని తిరిగి వదలాలో చూసి చెప్తాను.